మకూషీ వంటింట్లో మా మొహమాటం

ఈద్ సెలవులు వస్తే బహ్రెయిన్‌లోని మాబోటివాళ్ళు వంతెన దాటి సౌదీ వెళ్తారు, లేదా సొంతూరికి వెళ్ళి వస్తారు. ఈ మార్చిలో నేను దక్షిణ అమెరికాలోని గయానాకు వెళ్ళాను. దానికి కారణం రాజేశం.

రాజేశం జగిత్యాల దగ్గరివాడు. బహ్రెయిన్‌లోనే సిత్రాలో పైపులు అతికే పనిలో ఉన్నప్పుడు, వాళ్ళ క్యాంపు తాగునీటి నమూనాలు తీసుకోవడానికి మా ప్రయోగశాల నుంచి నేను వెళ్ళేదాన్ని. అలా పద్మక్కనయ్యాను. తరువాత గయానాలో చమురు పనులు దొరికి అటు వెళ్ళిపోయాడు. వాళ్ళ యార్డు క్యాంటీన్ నడిపే మార్లీన్ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకోవాలనుకున్నాడు. ఆమె మకూషీ ఆదివాసి. ఆ దేశానికి దక్షిణాన, బ్రెజిల్ సరిహద్దు దగ్గరి గడ్డిమైదానాల్లో మకూషీల ఊళ్ళున్నాయి.

"అక్కా, రెండు దిక్కుల ఇద్దరు ముసలోళ్ళు ఒప్పుకోవాలె," అని ఫోన్‌లో చెప్పాడు. "ఇటు మార్లీన్ వాళ్ళ అమ్మమ్మ. అటు మా అమ్మ. ఆళ్ళు విషపు దుంప తింటరని మా అమ్మకు ఎవడో వీడియో జూపిచ్చిండు. విషం తినే ఇంట్ల నా కొడుకును ఇయ్య అంటున్నది. నువ్వొచ్చి టెస్టు జెయ్యి. నువ్వు జెప్తే ఇంటది."

విషపు దుంప అన్న మాట అబద్ధం కాదు. అది కర్రపెండలం. మా సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులకు వెళ్ళేదీ అదే. అందులో చేదు రకం పచ్చిగా ఉన్నప్పుడు సయనైడ్ విడుదల చేస్తుంది. వండే పద్ధతిలో ఎంత పోతుంది, ఎంత మిగులుతుంది అన్నది ఎవరి మాటనో బట్టి నమ్మవలసిన సంగతి కాదు. సయనైడ్ ఆవిరి తగిలితే పసుపు నుంచి ఇటుక రంగుకు మారే కాగితపు ముక్కలు కొన్ని తయారుచేసుకున్నాను. మనామా సూక్ బజారులో రెండు కిలోల ఖర్జూరం కొన్నాను. సంచిలో ఎప్పుడూ ఉండే నీటి పరీక్ష పట్టీలు గాక ప్రయాణపు సరంజామా అంతే.

వెళ్ళదలచినవారికి దారి చెబుతాను. బహ్రెయిన్ నుంచి లండన్, అక్కడి నుంచి గయానా రాజధాని జార్జ్‌టౌన్. లండన్‌లో విమానం మారడానికి మనకు వీసా కావాలా అన్నది పాస్‌పోర్టులో ఇంకేమున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. ఏజెంటును అడగకండి, స్వయంగా చదువుకోండి. నేను అడిగిన ఇద్దరు ఏజెంట్లు రెండు రకాలుగా చెప్పారు, ఇద్దరూ పూర్తి ధీమాతోనే. గయానా వీసా ముందుగానే తీసుకోవాలి. తెల్లవారుజామున అరాద్‌లో ఇల్లు కదిలితే విమానాశ్రయానికి టాక్సీలో పది నిమిషాలు. జార్జ్‌టౌన్‌లో దిగేసరికి అక్కడ సాయంత్రమైంది. గడియారం ఏడు గంటలు వెనక్కి తిప్పుకోవాలి. రాజేశం, మార్లీన్ ఎదురొచ్చారు. ఊళ్ళో అతిథిగృహాలు ఖరీదెక్కువే. చమురు వచ్చాక అన్నీ పెరిగాయని అందరూ అన్నారు, అంతకుముందు ధరలు నేను చూడలేదు. రాత్రి భోజనం పప్పు కూరిన రొట్టె, కోడికూర. బాగుంది.

మరునాడు ఉదయం ఎనిమిదింటికి ఊరి శివార్లలోని చిన్న విమానాశ్రయం నుంచి దక్షిణానికి బయలుదేరాం. ఇక్కడ ఒక తమాషా ఉంది. పన్నెండు మంది పట్టే విమానం గనుక సామానుతోపాటు మనిషినీ తూస్తారు. కౌంటరులోని అమ్మాయి ప్రతి ఒక్కరి బరువూ హాలంతటికీ వినిపించేలా పైకి చదువుతుంది. నా బరువు ఆమె చదివాక ఆ త్రాసు సరిగా ఉందా అని అడిగాను. "అందరూ అదే అడుగుతారు, ఆంటీ," అంది. త్రాసు మీద నా రెండు కిలోల ఖర్జూరాన్ని విడిగా పెట్టి చూశాను. సరిగానే ఉంది. ఆ విషయం మీద ఇక మాట్లాడలేదు.

గంటకు పైగా కింద అంతా అడవే. పక్క సీటులోని ఒక బడిపంతులమ్మ నా మోచెయ్యి తట్టి, "నది వస్తోంది, చూడండి. చూడకపోతే టికెట్టు దండగ," అంది. చూశాను. గోదావరి మీద పుట్టినవాళ్ళం నదులను అంత తేలికగా పొగడం. పొగడవలసి వచ్చింది. తరువాత ఎవరో గీత గీసినట్టు అడవి ఆగిపోయి బంగారురంగు గడ్డి మొదలైంది. ఎర్రమట్టి మీద విమానం దుముకుతూ దిగింది. ముందుసీటు పట్టుకుని నవ్వు ఆపుకోలేకపోయాను. పంతులమ్మ కూడా నవ్వింది. ఎందుకో ఇద్దరికీ తెలియదు.

మార్లీన్ తండ్రి సిడ్నీ పాత పికప్ బండితో వచ్చాడు. మితభాషి. వెనక నిలబడి గంటసేపు ప్రయాణం. మైదానం నిండా మనిషెత్తు చెదపుట్టలు.

"మన పుట్టల లెక్కనే ఉన్నయి, గండ్ల పాముంటది," అన్నాడు రాజేశం.

"చూశావా?"

"లే."

"మరి?"

"నువ్వు దిగి చూస్తవా అక్కా? బండి ఆపమంటనా?"

దిగలేదు. ఆ విషయం తేలకుండానే ఉండిపోయింది.

ఊరు కొండల పాదాన ఉంది. ఇళ్ళు దూరదూరంగా విసిరేసినట్టుంటాయి. మట్టి ఇటుకల గోడలు, తాటాకును పోలిన ఆకు కప్పులు. ఆ చెట్టు పేరు 'ఇటే'. మన తాటి తమ్ముడే అన్నాడు రాజేశం. వాళ్ళది కల్లు గీసే ఇల్లు గనుక కాదనడానికి జంకాను. తరువాత చూసుకుంటే రెండూ తాళజాతివే గానీ దగ్గరి చుట్టాలు కావు. పొలాలు ఊళ్ళో ఉండవు. కొండవారన అడవిలో చిన్న చిన్న జాగాల్లో చెట్లు నరికి, కాల్చి, పెండలం పెడతారు. ఊళ్ళో బడి, ఆరోగ్య కేంద్రం, ఎన్నుకున్న పెద్ద, ఆయన కార్యాలయం కప్పు మీద ఇంటర్నెట్ పళ్ళెం ఉన్నాయి. ఊరి పేరు రాయవద్దని సిడ్నీ అడిగాడు, రాయడంలేదు.

వీళ్ళలో పెళ్ళయిన అల్లుడు అత్తవారి ఊళ్ళో ఉండి, వాళ్ళకు పొలం నరికి, ఇల్లు కప్పి పెట్టడం పాత పద్ధతి. మన ఇల్లరికానికి చుట్టం. ఇప్పుడు అందరూ పాటించరు, కానీ అమ్మమ్మ పాటిస్తుంది. రాజేశానికి యార్డులో నెల పని, నెల సెలవు. సెలవు నెల ఇక్కడే ఉంటానని ఒప్పుకున్నాడు. మార్లీన్ కోసం కొత్త వంటిల్లు కట్టుకునేందుకు వాసాలు నిలబెట్టి ఉన్నాయి. ఆకు కప్పడమే తరువాయి. ఆ పనికి ఊరంతా కలిసి వస్తుంది. పనికి వచ్చినవాళ్ళకు ఇంటివాళ్ళు తిండీ, పెండలంతో పులియబెట్టిన పారకారీ అనే పానీయమూ ఇస్తారు.

అమ్మమ్మను కోకో అంటారు. ఆ భాషలో అమ్మమ్మ అనే అర్థం. చిన్న మనిషి, బారెడు జడ. ఆమెకు మకూషీ తప్ప వేరే భాషలో మాట్లాడటం ఇష్టం లేదు. మార్లీన్ ఇంగ్లీషులోకి మార్చి చెప్పేది. మేం ఖర్జూరం అందించాం. "ఎందుకమ్మా ఇవన్నీ" అనలేదు. తీసుకుంది, ఒకటి నోట్లో వేసుకుంది, గింజ ఊసింది, ఇంకొకటి వేసుకుంది. తరువాత బుర్రకాయ డొప్పలో పారకారీ పోసి రాజేశం ముందు పెట్టింది. అతను గుండె మీద చెయ్యి పెట్టుకుని, "వద్దు కోకో, ఇప్పుడే తిన్నం," అని ఇంగ్లీషులో చెప్పాడు. డొప్ప నా వైపు తిరిగింది. "అయ్యో, మీకెందుకు శ్రమ, తరువాత చూద్దాం," అన్నాను. డొప్ప లోపలికి వెళ్ళిపోయింది. వెనక్కు రాలేదు.

చేపల పులుసు, పెండలం రొట్టె తెచ్చింది. మేమిద్దరం మళ్ళీ మర్యాదగా వద్దన్నాం. రొట్టే వెళ్ళిపోయింది, పులుసూ వెళ్ళిపోయింది. ఆ పులుసు వాసన ఎంత నోరూరించిందో ఇక్కడ రాయను.

మధ్యాహ్నం ఊయలల్లో పడుకున్నాం.

"అక్కా, మల్లొకసారి అడుగుతరంటవా?"

"అడుగుతారు. ఎవరైనా అడుగుతారు."

"పొద్దుగూకుతున్నది."

"ఆ ఖర్జూరం ఉందా?"

"మొత్తం ముసలామెకు ఇచ్చినంగదా."

నా సంచిలోని ఒక బిస్కెట్ల పొట్లంతో ఆ పూట గడిచింది. సాయంత్రం నా పని నేను చేసుకున్నాను. కోరిన పచ్చి పెండలం ఒక సీసాలో, కాల్చిన రొట్టె ముక్క మరొక సీసాలో వేసి, మూతల కింద పసుపు కాగితాలు వేలాడదీశాను. ఫలితానికి ఒక రాత్రి పడుతుంది. కోకో అంతా గమనించి మార్లీన్‌తో ఏదో అంది. మార్లీన్ అనువదించలేదు.

ఉదయం ఆరింటికి చూశాను. పచ్చి దుంప మీది కాగితం ఇటుక రంగు. రొట్టె మీది కాగితం పసుపుగానే ఉంది. ఆనందంతో రాజేశాన్ని లేపబోతే అతను అప్పటికే లేచి ఉన్నాడు. ఎదురుగా మార్లీన్ నిలబడి ఉంది. ముఖం బాగాలేదు.

"కోకో ఆకు కప్పే పని ఆపమంది. ఊరివాళ్ళకు కబురు పంపుతోంది," అంది. "మా ఇంటి మెతుకు నోట పెట్టనివాడి కోసం వంటిల్లెందుకు అంటోంది. వీళ్ళు మమ్మల్ని చూసి భయపడుతున్నారు, సీసాల్లో పెట్టి చూస్తున్నారు, జార్జ్‌టౌన్ బస్సు వచ్చే రోజు పంపించెయ్ అంటోంది. నిజంగా నీకిష్టం లేదా రాజ్?"

"మస్తు ఆకలైతున్నది," అన్నాడు రాజేశం తెలుగులో. అప్పుడు నేను కల్పించుకున్నాను.

మా దేశంలో, ముఖ్యంగా మావాళ్ళలో, మొదటిసారి పెట్టగానే తీసుకోవడం మర్యాద కాదని, వద్దంటామని, మళ్ళీ అడుగుతారని, మళ్ళీ వద్దంటామని, మూడోసారి తింటామని చెప్పాను. చెబుతుంటే నాకే వింతగా వినిపించింది. మార్లీన్ తెల్లబోయింది. "యార్డు క్యాంటీన్‌లో రోజూ నాలుగు రొట్టెలు తినేవాడే," అంది. అక్కడ కంచం పట్టుకుని వరసలో నిలబడతారు. ఎవరూ బతిమాలరు గనుక బయటపడలేదు.

అయితే ఇది నా ఊహే గదా. ఇక్కడివాళ్ళు రెండోసారి అడగరన్నది ఎలా తేల్చడం? చివరి బిస్కెట్ల పొట్లంతో ఊళ్ళోకి వెళ్ళాను. ఎదురైనవారికల్లా ఇచ్చాను. అందరూ తీసుకున్నారు, మొదటిసారే. సిడ్నీ ఒక్కడే వద్దన్నాడు. మంచి అవకాశమనుకుని మళ్ళీ అడిగాను. వద్దన్నాడు. మూడోసారి చేతిలో పెట్టబోయాను. అతను లేచి, నా వంక అదోలా చూస్తూ, పికప్ వెనక్కి వెళ్ళిపోయాడు. పన్ను నొప్పి అని తరువాత తెలిసింది. నమూనా చిన్నదే, ఒక ఊరు, ఒక ఉదయం. కానీ ధోరణి స్పష్టంగా ఉంది.

మార్లీన్ ఇదంతా కోకోకు చెప్పింది. కోకో పెండలం పిండుతోంది. కోరిన దుంపను మటాపీ అనే బారెడు పొడుగు రెల్లుబద్దలతో అల్లిన గొట్టంలో కూరి, దూలానికి వేలాడదీసి, కింద వాసం దూర్చి దాని మీద కూర్చుంటారు. గొట్టం సాగి సన్నబడుతుంది, విషపు రసం కారిపోతుంది. పిల్లలతోపాటు నన్నూ వాసం మీద కూర్చోమంది. కూర్చుని ఊగాను. విమానాశ్రయంలో చదివిన బరువు చివరికి ఒక ప్రయోజనానికి వచ్చింది. రసం ధారగా కారింది. పిల్లలు కేకలు పెట్టారు. కోకో మాత్రం నవ్వలేదు.

"ఆకలేసినవాడు ఆకలి లేదంటాడా?" అని అడిగింది. "అది మర్యాదా?"

"అవునట," అంది మార్లీన్.

"నేను నమ్మను. వీళ్ళిద్దరూ మొహం చెల్లక అల్లుకున్న కథ. రుజువేమిటి?"

ఆ ప్రశ్న న్యాయమైనది. నేనైనా అదే అడుగుతాను. సాక్షులిద్దరూ నిందితులే అయినప్పుడు వాళ్ళ వాంగ్మూలం చెల్లదు. మాతో మాట్లాడుకుని రాని మరొక మనిషి కావాలి.

"మా అమ్మ," అన్నాడు రాజేశం. అని, భయపడ్డాడు.

ఊరి పెద్ద కార్యాలయం దగ్గర సిగ్నలు అందుతుంది. ఎనిమిదింటికి అందరం అక్కడికి నడిచాం. జగిత్యాలలో అప్పుడు సాయంత్రం ఐదున్నర. వీడియోలో రాజేశం తల్లి లచ్చవ్వ కనిపించింది. వెనక ఎవరో బియ్యం చెరుగుతున్నారు.

"ఏందిరా, బక్కగైనవ్. ఏం పెడుతలేరా?"

"పెడుతున్నరే. నేనే తింటలే."

"ఎందుకు తింటలేవ్? విషమా?"

నేను ఫోను తీసుకుని రెండు కాగితాలూ చూపించాను. "లచ్చవ్వగారూ, ఇది పచ్చి దుంప. ఇది వాళ్ళు తినే రొట్టె. రంగు మారలేదు. నేను పరీక్ష చేసిన రొట్టెలో విషం లేదు."

"నువ్వు తిన్నవా, బిడ్డా?"

"ఇంకా లేదండీ."

"మల్ల?" అంది లచ్చవ్వ.

ఈలోగా కోకో ఫోను అందుకుంది. రాజేశం నోరు మూసుకోవాలని, ఉన్నదున్నట్టు అనువదించడం తప్ప ఏమీ అనకూడదని మార్లీన్ చేత చెప్పించింది. పరీక్ష ఎలా జరపాలో ఆమెకు నేర్పవలసిన అవసరం కనబడలేదు. మార్లీన్ ఇంగ్లీషులోకి, రాజేశం తెలుగులోకి, మాటలు మెట్లు దిగినట్టు దిగాయి.

"మా ఊరికి రా. మా ఇంట్లో ఒక నెల ఉండు," అంది కోకో.

లచ్చవ్వ కొంగు సర్దుకుంది. "అయ్యో, ఎందుకమ్మా. మీకు తక్లీఫ్. వద్దు వద్దు."

కోకో మార్లీన్ వంక చూసి భుజాలెగరేసి ఫోను ఇచ్చెయ్యబోయింది. నేను రెండు వేళ్ళు చూపించాను. ఆమె కళ్ళు చిన్నవి చేసి నన్ను చూసి, మళ్ళీ అడిగింది.

"గంత దూరం నాతోని యాడైతది? మోకాళ్ళు నొస్తయి. ఆ దుబాయిల నాకేం పని?"

ఇది ఒప్పుకోలులా ఏమాత్రం లేదు. కోకో ముఖంలో గెలుపు కనిపించింది. మోకాళ్ళ నొప్పులు నిజమే కావచ్చు. కొండవారన వాసాలు మాత్రమే ఉన్న ఆ వంటిల్లు ఆకు లేకుండానే మిగిలిపోవచ్చు. రాజేశం చెమట తుడుచుకున్నాడు. మార్లీన్ అతని మోచెయ్యి పట్టుకుంది. మూడోసారి అడగమని నేను చేతులు జోడించాను.

కోకో ఒక్క మాటే అంది. "రా."

లచ్చవ్వ వెనక్కి తిరిగి బియ్యం చెరిగే మనిషిని చూసింది. మళ్ళీ ఇటు తిరిగింది. "ఇంతగనం అడుగుతున్నరు. కాదంటే ఏమనుకుంటరు?" అంది. "ఎప్పుడు రావాలె? పెండ్లి ఎండకాలం వెడుతున్నరా, వానకాలమా? చలి ఉంటదా? పాసుపోర్టుకు పోటువ దిగాలెనంటే రేపు మంగళారం, ఎల్లుండి పోత. ఆమెకు చీర ఏ రంగు ఇష్టమో అడుగురా."

రాజేశం అనువదించడం మరిచిపోయాడు. "అమ్మా, పెండ్లా?" అన్నాడు.

"మల్ల ఏందిరా? ఊరికెనే పోతనా?"

మాటలు మెట్లెక్కి కోకోకు చేరేసరికి కొంత సమయం పట్టింది. చేరాక ఆమె ముందు చేత్తో నోరు కప్పుకుంది. తరువాత కార్యాలయం మెట్టు మీద కూర్చుని, పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. ఊరి పెద్ద బయటికొచ్చి ఏమైందని అడిగాడు. ఆమె అభినయించి చూపింది: కొంగు సర్దుకోవడం, వద్దు, వద్దు, మోకాలు, ఎప్పుడు రావాలి. అతనూ నవ్వాడు. మధ్యాహ్నానికి ఆ అభినయం ఊళ్ళోని ప్రతి ఇంటికీ చేరింది. ఫోనులో లచ్చవ్వ, "ఏమైందిరా, గట్ల నవ్వుతున్నది, మంచిదేనా ఆమె?" అని అడుగుతూనే ఉంది.

ఇంటికొచ్చాక కోకో మా ఇద్దరికీ ఒకేసారి చెరి మూడు డొప్పలు పెట్టింది, లెక్క తప్పకుండా. పారకారీ పుల్లగా, కాస్త తియ్యగా, పలచటి అంబలిలా ఉంటుంది. మత్తు ఎంత అన్నది నేను కొలవలేదు. మూడో డొప్ప తరువాత కొలిచే స్థితి లేదు. చేపల పులుసులో రొట్టె ముంచుకుని రాజేశం తిన్న తిండి చూసి సిడ్నీ కూడా నోరు విప్పి, "ఇంకా దుంప తవ్వాలి," అన్నాడు.

మరునాడు ఊరు కదిలి వచ్చింది. ముప్పై మందికి పైనే ఉంటారు. మగవాళ్ళు వాసాల మీద, ఆడవాళ్ళు పొయ్యిల దగ్గర, పిల్లలు ఆకు మోపులు మోస్తూ. రాజేశం చెట్టెక్కే అలవాటుతో అందరికంటే ముందు వాసాలెక్కాడు. తాటాకు కప్పినట్టు అడుగు నుంచి మొదలుపెడితే, ఆకు తిరగేశావంటూ పక్కవాళ్ళు మూడు వరసలు విప్పించారు. విప్పాడు, మళ్ళీ కట్టాడు. కింద నా దగ్గర మరొక బారు. నీళ్ళు పరీక్షించే ఆంటీ అని తెలిసి వాగునీళ్ళ సీసాలు తెచ్చారు. ఒకాయన మా వాగు నీళ్ళు ప్రపంచంలోకెల్లా స్వచ్ఛమైనవి అన్నాడు. ప్రపంచం సంగతి తెలియదుగానీ, నా దగ్గరున్న పరీక్షల మేరకు ఇనుము కొంచెం ఎక్కువుందన్నాను. "అందుకే మేం బలంగా ఉంటాం," అన్నాడు. దాన్ని ఖండించడానికి నా దగ్గర ఆధారం లేదు.

నా సెలవు అయిపోయింది. బస్సు రోజు సాయంత్రం ముగ్గురం దారి మీదికొచ్చాం. రాజేశానికి డ్యూటీ మొదలవడానికి ఇంకా పది రోజులున్నా, నన్ను జార్జ్‌టౌన్ దాకా దిగబెట్టాలని అతని పట్టు. బస్సు ఆగింది. అతని సంచి పైకెక్కింది. కోకో ఎక్కడి నుంచో వచ్చి, బస్సులోకెక్కి, ఆ సంచిని లాగి కింద పడేసింది. అతని చేతిలో పొడవాటి నరుకుడు కత్తి పెట్టింది. అడవిలో పొలం జాగా చూపిస్తానంటోందని, పొద్దున్నే లేవమంటోందని మార్లీన్ చెప్పింది.

"అక్కా, ఒక్కదానివే పోతవా మరి?" అన్నాడు రాజేశం.

"నాకేం భయం లేదు. నువ్వుండు."

అతను రెండోసారి అడగలేదు. అప్పటికే కోకో వెనక సగం దూరం నడిచాడు.

బస్సు టికెట్టు విమానం కంటే చాలా చవక, కుదుపులు చాలా ఎక్కువ. పంటు మీద నది దాటే రేవు దగ్గర రాత్రి పడుకోవడానికి ఊయల అద్దెకిస్తారు. తెల్లవారాక మొదటి పంటులో నది దాటాం. పక్కన కూర్చున్న కిరాణా వ్యాపారి ఎక్కడి నుంచని అడిగాడు. బహ్రెయిన్ అన్నాను. "చమురు కోసం వచ్చారా?" అన్నాడు. "పెళ్ళి చూపులకు," అన్నాను. అతను నా వయసు చూసి గౌరవంగా ఊరుకున్నాడు.

జార్జ్‌టౌన్, లండన్, బహ్రెయిన్. అరాద్‌లో తలుపు తీసేసరికి ఉదయం, మధ్యాహ్నం డ్యూటీ. ఈ ప్రయాణంలో నేను రూఢిగా చెప్పగలిగినవి కొన్నే. ఆ రొట్టెలో విషం లేదు. ఆ ఊరివాళ్ళు అడిగిన మాట ఒక్కసారే అడుగుతారు, వద్దంటే ఆ మాట వెంటనే నమ్ముతారు. అంత నమ్మకం మధ్య ఆరు రోజులు గడిపితే మనిషికి కాస్త తల తిరుగుతుంది. అందులో పారకారీ వాటా ఎంతో విడదీయలేకపోయాను. వచ్చే ఎండాకాలం పెళ్ళని రాజేశం అంటున్నాడు, పాసుపోర్టుకు ఫొటో దిగానని లచ్చవ్వ అంటోంది, పొలంలో దుంప పెట్టారని మార్లీన్ అంటోంది. అందరూ అంటున్నారంతే. కంటితో చూడనిది నేను నమ్మను గనుక వచ్చే మార్చికి సెలవు అర్జీ ఇవాళే ఇచ్చేశాను.